ఏడో నంబరు ఫారం

పుంతా అరేనాస్‌లో గాలి ఎంత గట్టిదంటే
వీధి మూలల్లో పట్టుకు నడవడానికి తాళ్లు కడతారు.
మా బడి ఆఫీసులో మాత్రం కాగితం కదలదు.
ఇరవై రెండేళ్లుగా వాటి మీద
రబ్బరు ముద్రల బరువు పెడుతున్నదాన్ని నేనే.

జూన్‌లో, పొద్దున తొమ్మిదైనా చీకటి విడవని రోజుల్లో
ఎనిమిదో తరగతి మిలెంకా బర్రీయా
గాలి గురించి రాసిన వ్యాసంలో
రెండు వాక్యాలు తనవి కావని తేలింది.
రెండే. మిగతా పేజీన్నర
పీతల పడవ దిగి వాళ్ల నాన్న
తడి గొంతుతో చెప్పినట్టే ఉంది.

డైరెక్టరు ఎవరిస్తో గారు ఏడో నంబరు ఫారం తెమ్మన్నారు.
నేనే టైపు చేశాను.
తప్పు: ఇతరుల మాటలు తనవిగా చెప్పుకొనుట.
శిక్ష: మూడు రోజులు బడికి రాకుండుట.
కింద ఒక గీత: తల్లి లేక తండ్రి సంతకం.
పిల్ల ఏడవలేదు.
"రెండు వాక్యాలకి మూడు రోజులైతే
పేజీకి ఎన్ని?" అని అడిగింది.
"నీతికి లెక్కలుండవమ్మా" అన్నారాయన.
ఎంత బావుందో అనుకున్నాను ఆ మాట.
అదైనా ఆయనదేనో కాదో.

ఆగస్టులో వార్షికోత్సవం.
ప్రసంగం టైపు చేసిందీ నేనే.
నాలుగో పేరాలో వేళ్లు ఆగాయి:
"మన అగ్నిపర్వతం నీడలో పెరిగిన ఈ పిల్లలు..."
మాకు అగ్నిపర్వతం లేదు.
మాకున్నది జలసంధి,
మబ్బు విడిచిన రోజున అవతలి గట్టు.
ఉత్తరాన ఎక్కడో, రెండు రోజుల ప్రయాణంలో,
ఏదో బడి, ఎవరో డైరెక్టరు
కిటికీలోంచి ఆ కొండను చూస్తూ రాసుకున్న మాటలు.
కొండను తీసేయనా అని అడగాల్సింది.
అడగలేదు.
నా తప్పుకి ఏ నంబరు ఫారమో తెలీదు.

హాల్లో జెండాల కింద, సరిగ్గా పర్వతం దగ్గర
ఆయన గొంతు ఉద్వేగంతో వణికింది కూడా.
చప్పట్లు.
వెనక వరసలో ఒక్క నవ్వు. మిలెంకాది.
సభామర్యాద తప్పినందుకు బయట నిలబెట్టారు,
ఆ గాలిలో, కోటు లేకుండా.

ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారే,
ఆ సున్నపుకాయ ఇన్నాళ్లూ
నా బల్ల సొరుగులోనే ఉందని
కిటికీ అద్దంలోంచి ఆ పిల్లని చూస్తుంటే తెలిసింది.

మర్నాడు కౌంటరు దగ్గరికొచ్చి
ఏడో నంబరు ఫారం ఒకటి ఇమ్మంది.
నిలబడే నింపింది, నాలుక పంటికింద పెట్టుకుని.
విద్యార్థి పేరు: ఎవరిస్తో కుస్మానిచ్.
తరగతి: కాసేపు ఆలోచించి, డైరెక్టరు గది.
తప్పు: నా ఫారంలో ఉన్నదే.
ఆధారం: ఒక అగ్నిపర్వతం.
"ముద్ర వేస్తారా?" అంది.
నన్ను ఇరికించాలని కాదు,
వేస్తేనే కదా అది ఫారం అన్నట్టు.

సిరా దిండు ఎండిపోయి ఉంది.
నోటి ఆవిరి ఊది, కొట్టాను.
స్వీకరించబడినది. వరుస సంఖ్య నలభై ఒకటి.

ఇక మిగిలింది ఆ ఒక్క గీత.

ఆదివారం తాళ్లు పట్టుకుంటూ
బడి వెనక మూడు వీధులు నడిచాను.
దోన్యా స్లావా గారికి తొంభై ఒకటి.
ఒకప్పుడు ఇదే బడిలో భూగోళం చెప్పారు.
భూతద్దాన్ని కాగితం మీద జరుపుతూ జరుపుతూ
ఒక మాట దగ్గర ఆపి
"ఏ అగ్నిపర్వతం?" అన్నారు.
చెప్పాను.
టీ చల్లారింది.
"పిల్ల చేతిరాత బావుంది" అన్నారు చివరికి.
కొడుకు పేరుకింద తన పేరు
వణికే గుండ్రటి అక్షరాల్లో రాసి,
పాత అలవాటు కాబోలు, మార్జిన్‌లో ఎర్ర సిరాతో:
సరిదిద్దుకుని మళ్లీ చూపించవలెను.

సోమవారం ఆయన బల్ల మీద, ఉత్తరాలన్నిటికీ పైన పెట్టాను.
తలుపు చాలాసేపు మూసే ఉంది.
పదింటికి బయటికొచ్చారు, కోటు తొడుక్కుని.
"ఇవాళ్టి నుంచి లెక్కేనా?" అన్నారు
ద్వారబంధంతో మాట్లాడుతున్నట్టు.
"ఆ అమ్మాయికి మర్నాటి నుంచి లెక్కపెట్టామండీ."
కోటు మళ్లీ కొక్కేనికి తగిలించారు.

మంగళవారం కొక్కెం ఖాళీ.
మిలెంకా కౌంటరు మీంచి తొంగిచూసి,
గెలిచినట్టు ఏమీ లేదు మొహంలో,
"మరి ఆయనకి హోంవర్కు ఎవరిస్తారు?" అంది.