రిచీ స్ట్రీట్ నీలం

కొటేషన్‌లో సున్నాలు లెక్కపెట్టి
మా మేడమ్ ఆ కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టింది.
కోటీ నలభై లక్షలు. పన్ను అదనం.

ఆ సాయంత్రం రిచీ స్ట్రీట్‌లో
పిక్కల దాకా వాననీళ్లు, నీళ్ల మీద థర్మకోల్ ముక్కలు.
గౌస్ బాషా కొట్లో దొరికింది
ఫ్యాక్టరీలో సీసామూతల వంకరలు పట్టి పట్టి
రిటైరైన కెమెరా ఒకటి.
"సెకనుకి నాలుగొందల బొమ్మలు తీస్తది,
రంగులు మాత్రం తెలవ్వు దానికి" అన్నాడు.
నాకూ అక్కర్లేదు.
చేపల తొట్టికి పెట్టే నీలం దీపం,
దాని వేడి ఊదడానికి పాత కంప్యూటర్ ఫ్యాను,
ఒక పసుపు గాజుబిళ్ల. దాని దగ్గర మాత్రం బేరం సాగలేదు.

పెట్టె ప్లైవుడ్‌ది.
లోపలి చీకటి మా అమ్మ చిరిగిన గొడుగుది.
వణుకు తగ్గాలని కింద నాలుగు టెన్నిస్ బంతులు పెట్టినా
గిండీ లోకల్ వెళ్లినప్పుడల్లా తెర అదిరేది.
రైలుకీ రైలుకీ మధ్యే మా సైన్సు.

రెండురోజుల చేపపిల్ల, నువ్వుగింజంత,
ఒళ్లంతా కిటికీయే.
మొదట కనిపించింది ఉత్త ఆకుపచ్చ చార,
పరుగెత్తే బస్సులోంచి చూసిన గోడలాగా.
వేగం పెంచాను. ఇంకా. ఇంకా.
చార తెగింది.
ఒక్కో నెత్తుటి కణం
గుండె గుమ్మంలో ఆగి, భుజం ఏటవాలు చేసుకుని,
లోపలికి దూరింది.

పదో నిమిషానికి ఆకుపచ్చ వెలిసిపోసాగింది.
ఏ వెలుగుకి మెరుస్తుందో ఆ వెలుగే దాన్ని తినేస్తుంది.
చూడటం ఊరికే రాదు.
వారం కూర్చుని దీపానికి ఒక్కటే నేర్పాను:
కెమెరా కన్ను తెరిచినంతసేపే వెలుగు,
మిగతా సమయం నోరు మూసుకో.

ఆదివారం గౌస్ బాషా వచ్చాడు.
ఎవరూ అడక్కుండానే చెప్పులు గుమ్మం బయట విడిచాడు.
తెర ముందు చాలాసేపు ఏమీ అనలేదు.
"ఇంత నెమ్మదా?"
"కాదు బాబాయ్, మనకోసం నెమ్మదిగా తిప్పుతున్నా."
చొక్కా పై గుండీ దగ్గర, కుట్ల గీత మీద
బొటనవేలు ఒకసారి నడిపించాడు.
"నాది బిల్లులోనే చూశాను."

వెళ్తూ వెళ్తూ కెమెరా నెత్తిన తట్టి
"గ్యారంటీ లేదని ముందే చెప్పా, గుర్తుంచుకో" అన్నాడు.

అప్పుడే రైలొచ్చింది.
బల్ల, చేప గుండె, మేమిద్దరం
కాసేపు కలిసి అదిరాం.