నాలుగు వేళ్ల వెలుగు

టెక్కలి నుంచి నౌపడా పోయే రోడ్డు
ఉప్పుమళ్ల మధ్య
తాపీమేస్త్రి నూలు పట్టి గీసినట్టుంటుంది.
ఒక ఎండాకాలం, తెల్లారగట్ల,
ఆ రోడ్డు అంచున తారుకి కుడి చెంప ఆనించి
పడుకున్నాను.
నాకు పదమూడేళ్లు.
తారు ఇంకా నిన్నటి వేడిని వదల్లేదు.

"ఒరే గుంటడా, కన్ను మూసీకు.
ముందు టైరు కింద నుంచి
అవతల ఆకాశం అవుపడిందా నేదా
అదొక్కటే సెప్పు నాకు"
అన్నాడు తవిటయ్య.

ముందు ముగ్గురు పురిట్లోనే పోతే
ఇతన్ని చేటలో వేసి పొరుగామెకి అమ్మేసి
కుంచెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుందట తల్లి.
"నా రేటు తవుడురా" అనేవాడు
స్పానరు నోట్లో పెట్టుకుని,
"పోతే ఏటి పోద్ది?"

కారు నల్ల కాంటెస్సా.
తుక్కు కొట్లో తూకానికి కొన్నాడు.
పొడుగు ముక్కు, వెడల్పు నడుము,
బస్తాలెత్తే కళాసీ భుజాల్లాంటి బానెట్టు.
బరంపురం బజారులో దొరికిన
ఏ బండిదో తెలియని పెద్ద ఇంజను
దాని రొమ్ములో కుదరడానికి రెండేళ్లు పట్టింది.
వెనక పళ్లచక్రాలు మూడుసార్లు మార్చాడు.
డిక్కీలో, పాలిషింగు వాళ్లు పారేసిన
నీలి గ్రానైటు పలకలు రెండు.
ఒక్కొక్కటీ నలుగురు మోసారు.

"గుర్రం ముందుకాళ్లెత్తితే సూడ్డానికి బాగుంటాది,
కారెత్తితే ఏటొస్తాది?"
అడిగింది ఆదెమ్మ, అతని పెళ్లాం,
కేరేజీ మూత బిగిస్తూ.
జవాబు లేదు. అతని దగ్గరా లేదు.

తట్టలతో మళ్లలోకి దిగుతున్న ఆడవాళ్లు ఆగారు.
తేలినీలాపురం కొంగలు రెండు
నీళ్ల మీద బరువుగా పరిగెట్టి
లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

క్లచ్చి వదిలాడు.

చప్పుడు చెవిలోకి కాదు,
రోడ్డులోంచి నా దవడ ఎముకలోకి వచ్చింది.
బరువెత్తేవాడు లేచే ముందు గొంతుక్కూర్చున్నట్టు
కారు వెనక్కి కుంగింది.
రబ్బరు కాలిన కంపు.
గులకరాయొకటి నా పంటికి తగిలింది.
అప్పుడు
ముందు చక్రాలు రెండూ
రోడ్డుతో మాట మానేశాయి.

వాటి కింద ఎర్రటి గీత.
పొయ్యిలో కట్టె కొసంత ఎరుపు.
దాని అవతల ఒక ఉప్పుకుప్ప,
ఒక ఆడమనిషి పాదాలు, కడియాలు.
ఒకటి అన్నాను.
రెం

దబ్బున పడింది. ఏదో విరిగింది.
నూనె చిన్న పాములా నా వైపు పాక్కుంటూ వచ్చింది.
కొంగలు ఎప్పుడు లేచాయో చూడలేదు.

తవిటయ్య దిగాడు.
కారు వంక చూడలేదు, నా వంకే.
నోట్లో ఇసక. మాట రాలేదు.
నాలుగు వేళ్లు అడ్డంగా చాపాను.
తన నూనె చెయ్యి నా చేతి పక్కన పెట్టి కొలుచుకుని
రోడ్డు మధ్యలో చతికిలపడి
బీడీ అడిగాడు,
పదమూడేళ్ల వాణ్ని.

కారు కిలోల లెక్కన పోయింది.
పలకలు మిగిలాయి.
ఇప్పుడవి టీకొట్టు ముందు బెంచీలు.
వాటి మీద కూర్చుని ఊరు ఆ ఎత్తుని పెంచుతోంది:
జానెడు, మూరెడు.
ఆ వేళ పలాసలో పెళ్లిలో ఉన్న గవరయ్య
కారు కింద నుంచి సైకిలు తోసుకెళ్లానంటాడు.
ఏళ్లు గడిచి, మోకాళ్లు వాచి,
తవిటయ్య కూడా అంటున్నాడు:
"మూరెడు. తక్కువుండదు."
నన్నడిగితే టీ ఊదుకుంటాను.

కొట్టు కట్టేసే వేళకి
అందరూ లేచి పోయాక
నా కుడిచెయ్యి లాక్కుంటాడు.
చూపు ఆనడం లేదు. బొటనవేలు పక్కకి నెట్టి
మిగతావి ఒక్కొక్కటే తడుముతాడు,
నాలుగూ ఉన్నాయో లేదో.
తరవాత లుంగీ దులుపుకుని
నెమ్మదిగా, ముందు ఆ కాలూ, తరవాత ఈ కాలూ ఎత్తి
ఇంటికి నడుస్తాడు.