తీగ తిరగబడితే

వూచ్ నగరంలో నవంబరు. నాలుగింటికే చీకటి.
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
ఒక భుజాన ఆంప్లిఫయరు, ఇంకో భుజాన తీగల సంచీ.
తలుపు తీసిన పాని హల్ష్కా నా మొహం చూడలేదు,
బూట్లకేసి చూసింది.
"ఎడమ మడమ అరిగింది నీకు.
రెండో అంతస్తులో ఉండగానే విన్నాను."

సోఫా జరిపాం. దాని వెనక
జత తప్పిన చెవిపోగు, రెండు గుండీలు, పదేళ్ల దుమ్ము.

ముందు డిజిటల్ తీగ.
అది మాట మీద నిలబడే మనిషి.
ఉంటే ఉందంటుంది, లేకపోతే లేదంటుంది,
నసగదు, నీళ్లు నమలదు.
వెలుగుతీగ మూతి తొడుగు తీసి
ఆమె అరచేతి మీద ఆనించాను.
గురివింద గింజంత ఎరుపు.
"వయొలిన్లు పోయేది ఇందులోంచేనా?"
"ఇందులోంచే."
చెవి దగ్గర పెట్టుకుంది.
ఏమీ లేదని నవ్వింది.

తర్వాత ఆ పాత టేపు మిషను.
దానికి అనలాగ్ తప్ప మరో భాష రాదు.
కొత్త టీవీకి పసుపు ముక్కంటే ఎవరో తెలీదు,
మధ్యవర్తిగా ఒక చిన్న డబ్బాని పెట్టాల్సొచ్చింది.
అనలాగ్ తీగ ఒంటరిగా రాదు,
దారిలో కనపడ్డవాళ్లందర్నీ వెంటబెట్టుకొస్తుంది:
ఫ్రిజ్జు గురక, కింద ట్రాము మూలుగు,
గదంతా ఒక జోరీగ.
అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డుకి మార్చాక
జోరీగ చచ్చింది.

టేపు తిరిగింది.
మంచు. పొడుగు కోటు. స్టేషనుకేసి నడిచే ఆడమనిషి వీపు.
"ఆ నడక నాది," అంది పాని హల్ష్కా.
"ముప్పై నాలుగేళ్లు స్టూడియోలో
పరాయి కాళ్లకి చప్పుడు పోశాను.
మంచంటే ఏమిటనుకున్నావ్?
తోలుసంచీలో బంగాళాదుంప పిండి. ఇలా పిసికితే..."
గాలిని రెండుసార్లు పిసికింది.
మూడోసారి చెయ్యి ఆగిపోయింది.

"ఈవిడ నేల మీద నడవట్లేదు."

నిజమే. చప్పుడు పెద్దగానే ఉంది,
ఎక్కడుందో చెప్పలేం.
నా మెడ వెనకా ఉంది, కిటికీ అవతలా ఉంది,
మడమకి బరువు లేదు.
"సౌండు పెంచనా?"
"దారి తప్పినదాన్ని అరిచి పిలిస్తే
దారి దొరుకుతుందా, బొగుమీవ్?"

మెనూలు తిరగేశాను. మీటరు పెట్టాను.
తీగ నాసిరకమన్నాను. గోడల్ని తిట్టాను.
టీ చల్లారిపోయింది.
చివరికి మోకాళ్ల మీద ఎడమ స్పీకరు వెనక దూరితే,
నల్ల నోట్లో ఎర్ర తీగ, ఎర్ర నోట్లో నల్ల తీగ.
ఒక పెట్టె గాలిని నెడుతుంటే
రెండోది లాక్కుంటోంది.
ఇద్దరూ కలిసి ఆమె అడుగుల్ని మింగేస్తున్నారు.
చీకట్లో బిగించింది నేనే.
ఇరవై రెండేళ్ల అనుభవం,
గురివిందకి తన నలుపు కనపడదు.

విప్పాను. మార్చాను. బిగించాను.
టీవీ కింద, గది నడిమధ్యన,
ఒక్కచోట ఒక్క మనిషి
మంచులో కాలు దిగేసి నడిచింది.

పాని హల్ష్కా చూపుడువేలు పైకెత్తింది.
"ఇక్కడ. దగ్గాను. తీసెయ్యమని బతిమాలాను.
ఉండనీ అన్నాడు దర్శకుడు,
స్టేషను దాకా చలిలో నడిచినామెకి
ఆ మాత్రం దగ్గు రాదా అని."
నాకు వినపడలేదు.
వెనక్కి తిప్పింది. వినపడలేదు.
మళ్లీ తిప్పింది.
పిండి నలిగే సందులో ఎక్కడో,
గొంతు సవరించుకున్నంత.

డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది,
చెవిపోగు జేబులో వేసుకుంది.
మెట్లు దిగుతూ ఎడమ కాలు జాగ్రత్తగా వేశాను.
మొదటి అంతస్తు దాటినా
పైన తలుపు మూసిన చప్పుడు రాలేదు.