కుడివైపు రబ్బరు

జుమ్మెరాత్ బజార్లో పొద్దున్నే
అడుగు మాడిన కుక్కర్లకీ ముళ్లు లేని గడియారాలకీ మధ్య
పక్కకి ఒరిగి పడుకుని ఉంది, హెడ్‌లైటు పగిలిన జావా.
అమ్మేవాడు తూకం లెక్కన చెప్పాడు ధర,
ఇనుముకి ఇంత, అల్యూమినియానికి ఇంత అని.
కిలోల్లో కొన్నాను.
మైళ్లు ఎన్నని అడగలేదు.

ట్రాలీ ఆటోలో మలక్‌పేట తీసుకెళితే
ఘౌసుద్దీన్ ఉస్తాద్ చాలాసేపు ఏమీ అనలేదు.
చిటికెనవేలు సైలెన్సర్లో పెట్టి మసి తీసి
రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు,
అత్తరు చూసినట్టు.
"దూరం తిరిగిన బండి, మేడం.
ఊర్ల తిరిగేదానికి జిడ్డు మసి ఉంటది. ఇది సూఖా."

ఎనిమిది నెలలు.
పిస్టన్ రింగులు రాణీగంజ్‌లో దొరికాయి.
కార్బురేటర్ గిన్నె దొరకలేదు, దొరికింది, సరిపోలేదు.
నికెల్ పూతకిచ్చిన హ్యాండిల్ రెండుసార్లు వెనక్కి పంపాను.
నా మందుల షాపు కౌంటర్లో
గోళ్ల కింది గ్రీజు చూసి
ఒకావిడ దగ్గుమందు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

టాంకు మీద బంగారు గీత పెంటయ్య గీశాడు,
లారీ తలుపుల మీద నెమళ్లు వేసిన చెయ్యి.
ఫ్యాను ఆపించాడు.
ఉడుత వెంట్రుకల కుంచె మొదలైన చోటికే వచ్చి కలిసేదాకా
ముగ్గురం ఊపిరి పీల్చలేదు.

తర్వాతొక రోజు, వెనక ఫుట్‌రెస్టులు విప్పుతూ,
"ఇగో, చూడుండ్రి" అన్నాడు ఉస్తాద్.
ఎడమ రబ్బరు అరిగి అరిగి
గాడులన్నీ పోయి ఏటి రాయిలా ఉంది.
కుడిది కొత్తది.
కంపెనీ అక్షరాలు ఇంకా వేలికి తగులుతున్నాయి.

ఎవరో ఒకామె.
రెండు కాళ్లూ ఎడమవైపే వేసుకుని
కుచ్చిళ్లు ఇనప గార్డుకి ఆనించి
ఒక చెయ్యి సీటు పట్టీ మీద, ఇంకోటి బహుశా ఒక భుజం మీద.
శ్రీశైలం ఘాట్ దాకానా, అంతకన్నా అవతలికా,
ఎన్ని ఊళ్లు తిరిగితే రబ్బరు ఇంత అరుగుతుంది?
పోయేటప్పుడు ఎడమవైపు పొలాలన్నీ ఆమెవి,
మిగతా సగం తిరుగు ప్రయాణంలో.
మీటరుకి ఏమీ తెలీదు, దాని తీగ ఎప్పుడో తెగింది.
ఖైరతాబాద్ ఆఫీసులో తీయించిన కాగితాల్లో
ఓనరు పేరుంది, వాళ్ల నాన్న పేరుంది.
వెనక కూర్చున్నవాళ్లకి గడి లేదు.

"జోడీ మార్చేద్దాం, నలభై రూపాయలే."
వద్దన్నాను. చీర గార్డు కూడా ఉండనీ అన్నాను.
బరువు, అన్నాడు.
ఉండనీ.

స్టార్ట్ చేసే రోజున తాళంచెవి కనబడలేదు.
మేకు గుచ్చితే ఎర్రదీపం వెలిగింది.
కిక్కూ గేరూ ఒకటే కడ్డీ దీనికి,
లోపలికి నొక్కి, తిప్పి, తన్నాలి.
ఏడోసారికి దగ్గింది. పదకొండోసారికి మాట్లాడింది.
వీధంతా నీలం పొగ,
పొగలో పిల్లలు, చాయ్ గ్లాసులు, ఒక మేక.

"మీరే నడపుండ్రి" అన్నాడు.
నలభై ఏళ్లుగా ఎవరి వెనకా కూర్చోని మనిషి
పైజామా సర్దుకుని అటొక కాలు ఇటొక కాలు వేసి ఎక్కాడు.
చాదర్‌ఘాట్ వంతెన మీద నా చెవి దగ్గర,
"ఆహిస్తా, మేడం, ఆహిస్తా"
అప్పటికి ముప్పైలో కూడా లేం.
వంతెన దిగేసరికి ప్లగ్గు మూసుకుపోయి ఆగింది.

ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని
ప్లగ్గుని తిడుతూ చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.
నేను వంగి కుడివైపు చూశాను.
ఇన్నేళ్ల కొత్త రబ్బరు మీద
చెప్పు మట్టి,
కొంచెం.