నలభై మూడు కిలోలు

ముందు కిసుము నుంచి ఒక మెయిల్ వచ్చింది.
విక్టోరియా సరస్సు ఒడ్డున, చేపల సహకార సంఘంలో
తూకం రాసే ఒమొల్లో రాశాడు:
"మీ డేటాబేస్ ఒక గంపను మింగేసింది.
అపోండి తెచ్చిన చేపలు, నలభై మూడు కిలోలు.
నేనే తూచాను. నేనే మీట నొక్కాను.
'భద్రపరిచాను' అని తెరమీద పచ్చగా వచ్చింది.
తర్వాత కరెంటు పోయింది.
వచ్చాక చూస్తే ఆమె పేరు పక్కన ఖాళీ.
యంత్రంలో లేనిది లేనట్టే అన్నారు డబ్బులిచ్చే చోట.
ఆమె అబద్ధమాడే మనిషి కాదు."

ఇక్కడ ఔలులో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
మేమిచ్చిన జవాబు అందరూ ఇచ్చేదే:
మా దగ్గర బాగానే నడుస్తోంది.
వెర్షన్ ఎంత? లాగ్ పంపండి. డిస్క్ ఏ కంపెనీది?
అన్నీ పంపాడు, ఓపిగ్గా,
చివర ఒక్క మాట చేర్చి:
"అపోండి రోజూ వచ్చి అడుగుతోంది. ఏం చెప్పను?"

పోయిన నెలే టాంపెరేలో, సభ బయట బల్ల వేసుకుని
స్టిక్కర్లు పంచాను. టీషర్టు మీద మా నినాదం:
"మాటిస్తే తప్పదు."
ఎవరో కుర్రాడు అడిగాడు, ఊరికే ఇస్తారా అని.
ఊరికే, అన్నాను. తెరిచి చూసుకో, ప్రతి అక్షరం.
ఎవరైనా చూడొచ్చు అన్నది నిజమే.
ఎవరో ఒకరు చూస్తార్లే అని ఎవరూ చూడకపోవడమూ నిజమే.

పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి వంటింటి బల్లమీద పెట్టాను.
రాయమంటాను, రాస్తుండగా ప్లగ్ పీకుతాను.
లేపుతాను, లెక్క అడుగుతాను.
యాభై సార్లు. నూట ఇరవై సార్లు.
టాలిన్ నుంచి ఫోన్లో రైవో నవ్వాడు:
"దాన్ని చంపీ చంపీ నువ్వే పోయేలా ఉన్నావు."
పాపం, ప్రతిసారీ లెక్క సరిగ్గానే అప్పజెబుతోంది.

అప్పుడు తట్టింది: కంప్యూటర్ పాతదే, డిస్క్ కొత్తది.
ఒమొల్లోది అరిగిపోయింది, సరస్సు తేమ పట్టింది,
తడబడుతూ రాస్తుంది.
రైవో ఒక దొంగ డిస్క్ అల్లి పంపాడు, ఉత్త ప్రోగ్రామే,
పదింట్లో ఒకసారి "నావల్ల కాలేదు" అంటుంది.
రెండువందల పన్నెండోసారి ప్లగ్ పీకాక
ఒక వరుస మాయం.

తవ్వుకుంటూ పోతే అడుగున దొరికింది.
రాశావా? అని డిస్క్‌ని అడుగుతాం.
లేదు, అంది. నిజమే చెప్పింది.
చెప్పాల్సింది చెప్పేశాననుకుని
ఆ పేజీని చేతిలోంచి వదిలేసింది.
మేం మళ్ళీ అడిగాం: రాశావా?
చేతిలో ఏమీ లేదు కదా, ఇప్పుడు ఔనంది.
చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు.
ఇక్కడ వినేవాడు
తనకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడిగాడు.
ఆపైన పచ్చ అక్షరాలు. ఆపైన చీకటి.
అంత పెద్ద సరస్సు పక్కన, నీటిమీద రాత.

ఆ లైన్ ఎవరు రాశారో వెతికితే తెలుస్తుంది.
మా పనిలో సంతకం చెరగదు.
పదకొండేళ్ళ కిందట, ఒక ఆదివారం తెల్లవారుజామున,
సిర్కా హాపసాలో.
నేనే.
పక్కన నా వ్యాఖ్య కూడా ఉంది:
"కాకపోతే మళ్ళీ అడుగుదాం. ఎందుకైనా మంచిది."

దిద్దుబాటు నాలుగే లైన్లు.
లేదు అంటే, ఆగు.
మళ్ళీ అడగకు. చిట్టా మొదటినుంచి చదువుకుని లే.
ఆగిపోతే జనం తిడతారు, అన్నాడు రైవో.
తిట్టనీ.

ఒమొల్లోకి రాశాను: తప్పు ఆమెది కాదు, నీది కాదు,
ఇదిగో రుజువు, మీ పెద్దలకు చూపించు.
తొమ్మిది రోజులకు జవాబు.
డబ్బిచ్చారు, నలభై కిలోలకే.
మూడు కిలోలు తరుగు కింద కొట్టేశారట.
అపోండి ఇప్పుడు తూకమయ్యాక
నడుముకున్న తాడులో ముడి వేసుకుంటోందట, గంపకొకటి.
కొత్త వెర్షన్ పెట్టామమ్మా అంటే
"దాని పని అది చేసుకోనీ" అందట.

ఆ టీషర్టు మళ్ళీ వేసుకోలేదు.
పరీక్షల్లో ఒకటి చేర్చాను. దాని పేరు అపోండి.
రాత్రిళ్ళు మా వంటింట్లో ఆ ముసలి కంప్యూటర్
మాట మధ్యలో చచ్చిపోతుంది,
లేస్తుంది,
ఎవరూ అడక్కముందే తడుముకుంటుంది:
నలభై మూడు ఉందా?