మోకాలి దిండు

అప్పర్ థెల్బీలో ఇళ్లు ముప్పై ఒకటి.
చర్చిలో మోకాలి దిండ్లు అరవై నాలుగు.
లెక్క తప్పు కాదు,
అప్పట్లో జనం అంతమంది ఉండేవారు.

చెకుముకిరాళ్ల గోడల మధ్య తొమ్మిదివందల ఏళ్ల చలి.
దానికి విరుగుడుగా
ఊరి ఆడవాళ్లు ఉన్నిదారంతో కుట్టినవి:
ఒకదాని మీద ఎర్ర ట్రాక్టరు,
ఒకదాని మీద మెడ మరీ సాగిపోయిన బాతు,
సముద్రం ఎన్నడూ చూడని డోర్కస్ కుట్టిన లైట్‌హౌసు.
అన్నింటికీ నడుమ గుంటలు.
ఎవరి మోకాళ్లు ఎంత బరువో
ఉన్నికి గుర్తే.

హెస్టర్ కుట్టినదాని మీద మాత్రం
కుక్క. గోధుమరంగు. ఒక చెవి వాలి ఉంటుంది.
దానికి గుంట పడలేదు.

అది అంబ్రోస్ కోసం.
ఆయన చర్చి గడప దాటితే ఒట్టు.
నలభై ఏళ్లు, ప్రతి ఆదివారం
యూ చెట్టు కింద కుక్కతాడు పట్టుకుని
ఆఖరి కీర్తన అయ్యేదాకా పైపు కాల్చేవాడు,
వాన పడుతున్నా సరే.
"మీ దేవుణ్ణి అడిగానని చెప్పు"
అనేవాడు, ఆమె లోపలికి వెళ్తుంటే.

ఇప్పుడూ బయటే ఉన్నాడు.
అదే చెట్టు కింద.

ఏప్రిల్. తడి గడ్డి.
డాక్టరు వంగొద్దన్నాడు.
హెస్టర్ కుక్కదిండు చంకన పెట్టుకుని
తలుపు చప్పుడు కాకుండా మూసి
వచ్చి
రాయి పక్కన వేసి మోకరించింది.
ప్రార్థనకు కాదు,
డాండిలియన్ వేళ్లు లోతుగా దిగాయి.

పెకలించడం అయ్యాక
లేవడానికి రాయి భుజం పట్టుకుంది.
దిండు మీద రెండు గుంటలు.

"అడిగావని చెప్పాలే," అంది
చేతుల మట్టి దులుపుకుంటూ.