నల్ల రిబ్బను

నా మెడలో వేలాడే అట్టముక్క మీద
"ఊపిరి లేదు" అని రాసుంది.
అంతకుమించి నాకు పాత్ర లేదు.

ఆదివారం పొద్దున్న
బెనాల్లా ఊరి సంత మైదానంలో
గొర్రెల బొచ్చు కత్తిరించే రేకుల షెడ్డు,
ఇవాళ్టికి అది గాలివానకి కూలిన బడి.
ఉన్ని జిడ్డు నానిన చెక్కనేల మీద
ముప్ఫై ఇద్దరం క్షతగాత్రులం.
బేకరీ బ్రెండన్‌కి మోకాలు విరిగింది.
పోస్టాఫీసు పెద్దాయన పొట్టలో గాజుపెంకు.
నెత్తురంటే మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు;
చీమలకి నాటకమని ఎవరూ చెప్పలేదు.

కోరల్ ఈల ఊదింది.
డెబ్భై దాటిన మనిషి, నారింజ రంగు చొక్కా,
ఈ ఏరు మూడుసార్లు ఆమె వంటింట్లోకి వచ్చిందట.
"మనిషికి అర నిమిషం. ఏడవొద్దు, లెక్కపెట్టండి.
నడిచేవాళ్లకి ఆకుపచ్చ,
కాసేపు ఆగగలిగితే పసుపు,
ఆగలేకపోతే ఎరుపు."
నాలుగో రంగు చెప్పేటప్పుడు కూడా
ఆమె గొంతు తగ్గలేదు.

మా కళింగపట్నంలో మేము
ఇలాంటి రిహార్సల్స్ ఎరగం.
సముద్రమే ఏటా వచ్చి చేయించేది.
రేడియోలో ప్రమాద హెచ్చరిక నంబరు పెరిగేకొద్దీ
మా నాయనమ్మ అగ్గిపెట్టెల్ని
ఒక్కొక్కటీ నూనెగుడ్డలో చుట్టేది.

నా పక్కన అప్పలనాయుడు,
చెక్కబోర్డుల ఫ్యాక్టరీలో నాతోపాటే రాత్రి షిఫ్టు.
అతని అట్ట మీద "కేకలు పెట్టాలి."
"హెల్ప్, హెల్ప్" అన్నాడు, బస్సు ఆపుతున్నట్టు.
ఇంతలో ఎవరిదో బూటు అతని వేలు తొక్కింది.
"ఓలమ్మో! నా ఏలు నలిగిపోనాదిరా నాయనో!"
షెడ్డంతా ఆగిపోయింది.
కోరల్ తన పలక మీద రాసుకుంది:
నొప్పికి ఇంగ్లీషు రాదు.

తర్వాత నా దగ్గరికి టెగన్ వచ్చింది.
సూపర్ మార్కెట్లో నా పాలడబ్బాలు లెక్కేసే పిల్ల,
పదిహేడేళ్లుంటాయేమో.
గడ్డం పైకెత్తింది,
చెంప నా ముక్కు దగ్గర ఆనించింది.
నేను ఊపిరి బిగబట్టాను.
షాంపూ వాసన. తుమ్ము వచ్చేలా ఉంది.
మళ్లీ గడ్డం ఎత్తింది.
మళ్లీ విన్నది.
ఇక లేచి వెళ్లాలి, నేర్పింది అదే.
లేవలేదు.
"టెగన్, నీ వెనక ముగ్గురున్నారు."

నా మణికట్టుకి నల్ల రిబ్బను కట్టింది.
కట్టి, వంగి, చచ్చిపోయిన నన్ను
మెల్లగా అడిగింది:
"బిగుతుగా ఉందా?"

నా పాత్రలో జవాబు లేదు.
కళ్లు మూసుకునే ఆమె అడుగుల్ని విన్నాను,
బ్రెండన్ దాకా వెళ్లాయి,
ఆ మోకాలి దగ్గర ఆగాయి.
అప్పుడు తుమ్మాను.

టీ విరామంలో పన్నెండు నారింజ చొక్కాలు
అప్పలనాయుడి చుట్టూ చేరి
"నోపీ యెకడా? నోపీ యెకడా?" అని వల్లె వేశాయి.
అతను వేలికి ఐసు పెట్టుకుని గురువైపోయాడు.
టెగన్ మాత్రం దూరంగా, గోడవైపు తిరిగి,
కప్పు ఖాళీ అయినా తాగుతూనే ఉంది.

మంగళవారం సాయంత్రం
నా పాలడబ్బా, ఉల్లిపాయలు, టార్చికి బ్యాటరీలు.
అన్నీ లెక్కేసింది. తలెత్తలేదు.
"బిగుతుగా కట్టానా ఆ రోజు?"
"లేదమ్మా."

నోట్లు తీసుకుంది.
నా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి
ఒక్క క్షణం ఊరుకుంది,
అప్పుడు చిల్లర ఇచ్చింది.